మక్వింజా గారి ‘చూసుకుంటాం’

అబిజాన్,
6 ఫిబ్రవరి 2017

మామయ్యకు,

మీరు ఫోన్లో ఆఫీసు సంగతులు మాట్లాడరు కాబట్టి రాస్తున్నాను. ఫోన్లో అన్న మాట ఏ ఫైలులోనూ ఉండదని మీ వాదన. దీన్ని జోంబా మార్కెట్టు ఎదురుగా ఉన్న ఫోటోకాపీ కొట్టుకు మెయిల్లో పంపుతున్నాను. కొట్టు నడిపే అమాయి న్యాంబాలో గారు అచ్చు తీసి మీకు ఇస్తారు. ఇచ్చే ముందు ఆవిడ చదువుతారని తెలుసు. ఇందులో ఉన్నదంతా కోర్టు కాగితాల్లో ఎవరైనా చూడగలిగేదే కాబట్టి చదువుకోనివ్వండి.

మా ఆఫీసు చేసే పని మీకు తెలిసిందే. ఒక ప్రభుత్వం మీద ఎవరో లండన్లో దావా వేస్తారు. అవతల నలభై మంది లాయర్లుంటారు. ఇవతల ఒక్క లా ఆఫీసరు, ఆయనకు ఇంకో ఇరవై పనులు. అప్పుడు మేం వెళ్లి పక్కన నిలబడతాం. మంచి వకీళ్లను పెడతాం, కాంట్రాక్టులో ఉచ్చు ఎక్కడుందో వెతుకుతాం. ఏడేళ్లుగా ఎన్ని దేశాల కాగితాలో చూశాను. ఈసారి బల్ల మీదికి వచ్చింది మన మలావీ ఫైలు.

సరస్సు ఒడ్డున వరి పొలాలకని తెప్పించిన నీటి పంపులు మీకు గుర్తుండాలి. ఒక్కరోజైనా నీళ్లు తోడని పంపులు. కంపెనీ డబ్బు అడిగింది, మనవాళ్లు ఇవ్వలేదు. ఆ పాత కాగితాన్ని ఒక రాబందు సంస్థ చెత్త ధరకు కొనుక్కుని, వడ్డీ మీద వడ్డీ వేసి, 2015లో కోర్టుకెక్కింది. వాళ్లడిగే మొత్తంతో మన జిల్లా ఆస్పత్రులన్నిటికీ రెండేళ్లు మందులు కొనవచ్చు.

బాకీ గడువు 2004 మార్చి. ఆరేళ్లు దాటితే దానికి కాలదోషం పడుతుంది, ఇక దావా చెల్లదు. కానీ ఆ ఆరేళ్ల లోపల మనవాళ్లే ‘అవును, ఇది మా బాకీ’ అని సంతకంతో రాసిస్తే ఆ రోజు నుంచి మళ్లీ ఆరేళ్లు లెక్క. అలాంటి ఉత్తరం తమ దగ్గర ఉందంటున్నారు వాళ్లు. 2009 నవంబరు 11న మీ శాఖ నుంచి వెళ్లింది. ‘మీ ఉత్తరం అందింది, విషయం గమనించాం, వి షల్ సీ టు ఇట్’ అని ఉంది. కింద ‘కార్యదర్శి తరపున’ అని సంతకం. పేరు ముద్ర సరిగా పడలేదు.

అక్కడ ఉత్తరాలు రాసే సెక్షను మీ చేతిలోనే ఉండేది కదా. ఎవరు రాసి ఉంటారో చెప్పగలరా? కేసంతా ఆ ఒక్క వాక్యం మీదే నడుస్తోంది.

అత్తయ్యను అడిగానని చెప్పండి. ఇక్కడ మన మొక్కజొన్న న్సిమా ముద్ద దొరకదు. కర్రపెండలం తిని కాలం గడుపుతున్నాను.

అలినాఫే

*

జోంబా,
19 ఫిబ్రవరి 2017

అలినాఫే తల్లీ,

నీ ఉత్తరం అందింది. అమాయి న్యాంబాలో దాన్ని నా చేతికిస్తూ, ‘మీ మేనకోడలు దేశం కోసం పోట్లాడుతోందట కదా’ అంది. నాకు గర్వంగానే అనిపించింది, కొట్టు నిండా జనం విన్నారు కూడా.

ఇక్కడ వానలు బాగున్నాయి. మీ అత్తయ్య కందులు వేసింది, కోతులు కొండ దిగి వచ్చి సగం తిన్నాయి. ఆవిడ వాటితో రోజూ తగువు పడుతోంది. కోతులదే పైచేయి.

నువ్వడిగిన సంగతి. సెక్షనులో పదకొండు మంది గుమాస్తాలుండేవారు. 2009 అంటే నా ఆఖరి ఏడాది. నేను అప్పటికే పగ్గాలు వదిలేస్తూ ఉన్నాను. ఎవరో కుర్రవాడు రాసి ఉంటాడు, ఎవరో సంతకం పెట్టి ఉంటారు. ఇన్నేళ్లకు ఎవరికి గుర్తుంటుంది?

అయినా ఆ వాక్యంలో ఏం తప్పుంది? నాకైతే చక్కటి ఇంగ్లీషు. ఇరవై రెండేళ్లలో నా సెక్షను నుంచి తప్పు ఇంగ్లీషుతో ఒక్క కాగితం బయటికి పోలేదు. కార్యదర్శులు ఆరుగురు మారారు, ఒక్కరైనా నా వాక్యం మీద కలం పెట్టలేదు. నీకు తెలియనిదేముంది? మీ అమ్మ పోయి నువ్వు మా ఇంటికి వచ్చిన ఏడాదే కదా ‘షల్’ ఎక్కడ వాడాలో ‘విల్’ ఎక్కడ వాడాలో నీకు రాత్రింబవళ్లు చెప్పింది. ఆ చదువే ఇవాళ నిన్ను లండన్ లాయర్ల ముందు కూర్చోబెట్టింది.

ఆ ఉత్తరం నకలు పంపే శ్రమ పడకు. నా కళ్లజోడు బ్లాంటైర్లో బాగుకిచ్చాను.

నీ మామయ్య

*

అబిజాన్,
2 మార్చి 2017

మామయ్యకు,

కళ్లజోడు లేకుండానే రెండు పేజీలు గీత తప్పకుండా రాశారు. మెచ్చుకోవాలి.

ఆ వాక్యంలో ఏం తప్పుందని అడిగారు. చెబుతున్నాను, నొచ్చుకోకండి. ‘వి షల్ సీ’ అని ఆపితే ‘చూద్దాం’ అని అర్థం. దాని వెనక ‘టు ఇట్’ తగిలిస్తే ‘మేం చూసుకుంటాం, పని అయిపోయినట్టే అనుకోండి’ అని అర్థం. మొదటిది అన్నవాడు ఏమీ ఒప్పుకోలేదు. రెండోది అన్నవాడు బాకీ కట్టేస్తానని మాటిచ్చాడు. రాబందులు పట్టుకున్నది ఆ తోకనే.

ఇంకో సంగతి. నేను ఈ కేసు నుంచి తప్పుకున్నాను. మా దగ్గర ఒక ఫారం ఉంటుంది. కేసులో మనవాళ్లెవరైనా ఉంటే అందులో రాసి, ఫైలు వేరేవాళ్లకు అప్పగించి, గది బయటికి రావాలి. మొన్న సోమవారం అది నింపాను. మా పెద్దాయన కారణం అడిగితే, సంతకం మా బంధువుది కావచ్చని చెప్పాను.

ఎమ్ అక్షరం కింద గొడుగు పిడిలా వంగిన ఆ తోక నాకు బాగా తెలుసు. నా ప్రోగ్రెస్ కార్డులన్నిటి మీదా ఉంది. మొదటి ఉత్తరం రాసే రోజుకే తెలుసు. మీరే చెబుతారని అడిగాను.

మళ్లీ అడగను.

అలినాఫే

*

జోంబా,
14 మార్చి 2017

అలినాఫే,

ఈ ఉత్తరం కొట్టుకు ఇవ్వలేదు. పోస్టులో వేస్తున్నాను. ఎన్నాళ్లకు చేరితే అన్నాళ్లకు చేరనీ.

సంతకం నాది. వాక్యమూ నాదే. కుర్రవాడెవడూ లేడు.

అప్పటి రోజులు నీకు తెలియవు. ‘లేదు’ అని రాసే అధికారం గుమాస్తాకు లేదు, ‘అవును’ అని రాసే డబ్బు సర్కారుకు లేదు. ఎవరైనా ఏదైనా అడిగితే కార్యదర్శి గారు ఆ ఫైలు నా బల్ల మీద పడేసి, ‘తియోన అని చెప్పవయ్యా’ అనేవారు. చూద్దామని. మన దగ్గర సంబంధం ఇష్టం లేని వాళ్లు కూడా పెళ్లివారితో అదే అంటారు కదా. వచ్చినవాళ్లు టీ తాగి, నవ్వుతూ లేచి వెళ్లిపోతారు. ఎవరి పరువూ పోదు, మళ్లీ రారు.

1988లో మొదటిసారి ఆ మాటను ఇంగ్లీషులో పెట్టాల్సి వచ్చింది. ‘వి షల్ సీ’ దగ్గర ముగిస్తే వాక్యం బోడిగా ఉంది. చివర ‘టు ఇట్’ చేర్చాను. నిండుగా, హుందాగా, దొరలు రాసినట్టు ఉంది. కార్యదర్శి గారు చదివి ‘భేష్’ అన్నారు. ఆ రోజు నుంచి ఎవరికి ‘లేదు’ చెప్పాలన్నా అదే వాక్యం. నా కింద చేరిన ప్రతి గుమాస్తాకూ అదే నేర్పాను.

నీ ఉత్తరం చదివి డిక్షనరీ తీశాను. ఎన్నో ఏళ్లుగా నా దగ్గరున్నదే. ఆ మాట కోసం ఒక్కసారీ తెరవలేదు, వచ్చిన మాటే కదా అని. ఆ వరస మీద వేలు పెట్టి మళ్లీ మళ్లీ చదివాను. ఏమైందని మీ అత్తయ్య అడిగితే తలనొప్పి అన్నాను.

నిన్ను పెంచిన ఇన్నేళ్లలో నీకు నేను చెప్పిన అబద్ధం ఆ కుర్రవాడి కథ ఒక్కటే. సిగ్గుగా ఉంది. నా మూలంగా నీ చేతిలో కేసు పోయింది, రేపు ఆస్పత్రుల్లో మందులు కూడా పోతాయంటే ఏ మొహం పెట్టుకుని తిరగను? మీవాళ్లకు నా పేరు ఇవ్వు. ఎవరు ఎక్కడికి రమ్మన్నా వస్తాను.

మామయ్య

*

అబిజాన్,
8 ఏప్రిల్ 2017

మామయ్యకు,

మీ ఉత్తరం ఇరవై నాలుగు రోజులకు చేరింది. నాకు కోపం రాలేదు. చదువుతూ ఆఫీసు బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను, అంతే. పేరు ఇచ్చాను.

లండన్ లాయరమ్మ మీకు వాంగ్మూలం చిత్తుప్రతి పంపుతుంది. మీరేం చెప్పాలో నేను చెప్పకూడదు, చెప్పను. నిజమైతేనే సంతకం పెట్టండి. ఈ మాట ఎవరైనా ఎవరికైనా చెప్పవచ్చు కాబట్టి నేనూ చెప్పాను.

కేసు నా చేతిలో లేకపోతేనేం, నా ఉత్తరాలు మీ చేతికి వస్తూనే ఉంటాయి. మీరు మాత్రం మానకండి.

అలినాఫే

*

జోంబా,
9 మే 2017

అలినాఫే,

సంతకం పెట్టను. పెట్టనంటే పెట్టను.

వాళ్లు పంపిన కాగితంలో ఏముందో నీకు తెలియాలి. ‘ఇంగ్లీషు నా మాతృభాష కాదు. దాని మీద నాకు పట్టు అంతంత మాత్రం. ఉత్తరం అర్థం పూర్తిగా తెలియకుండానే సంతకం చేశాను.’ ఇది నేను అన్నట్టు వాళ్లు రాశారు. లాయరమ్మ ఫోన్ చేసింది. మంచి పిల్ల, మర్యాదగానే మాట్లాడింది. ఇది అవమానంగా తీసుకోవద్దు, కేసుకు ఇదే తేలికైన దారి అంది.

‘అమ్మా, జాలి పుట్టించాలంటే నా మోకాళ్లు చూపిస్తాను. నా ఇంగ్లీషు జోలికి రాకండి’ అన్నాను.

అలినాఫే, నేను ఎనిమిది మైళ్లు నడిచి బడికి పోయి నేర్చుకున్న భాష అది. దాంతోనే ఉద్యోగం చేశాను, ఇల్లు నడిపాను, నిన్ను చదివించాను. ఒక్క మాట తప్పు రాశానని ఒప్పుకుంటాను. అసలు భాషే రాదని నా చేత అనిపిస్తే, కేసు గెలిచినా నేను మాత్రం ఓడినట్టే.

అర్థం తెలియలేదట. ఎవరికి తెలియలేదు? ఫెరేరాకు తెలియలేదా? పంపుల కంపెనీకి బ్లాంటైర్లో ఏజెంటుగా ఉండేవాడు, అయిదేళ్ల కిందట పోయాడు పాపం. 1991 నుంచి టెండర్లంటూ, బిల్లులంటూ మా కిటికీ చుట్టూ తిరిగాడు. నా జవాబు అందిన మర్నాడు వచ్చి, టోపీ తీసి, ‘మక్వింజా గారి చూసుకుంటాం వచ్చేసింది, ఇక నేను ఇంటికెళ్లి పడుకుంటా’ అనేవాడు. నేను లేదన్నానని వాడికి ప్రతిసారీ అర్థమైంది. లండన్లోనే ఎవరికీ అర్థం కాదు కాబోలు.

మీ అత్తయ్య నన్ను శాంతంగా ఉండమంటోంది. కోతుల మీద అరిచే మనిషి నాకు శాంతం చెబుతోంది.

మామయ్య

*

అబిజాన్,
10 మే 2017

మామయ్యకు,

ఫెరేరా సంగతి కోపంలో ఒక మూల రాసి వదిలేశారు. దాన్ని నాకు కాదు, లండన్‌కు రాయండి. ఇవాళే రాయండి.

ఉత్తరానికి అర్థం రాసినవాడి మనసులో వెతకరు. చేతికందుకున్నవాడు, వెనకటి సంగతులన్నీ తెలిసినవాడు, దాన్ని ఎలా తీసుకుంటాడో చూస్తారు. ఇది ఏ లా పుస్తకంలోనైనా ఉండే మాట. మిగతాది వాళ్లకే తోస్తుంది.

ఏం తోస్తుందో కూడా నాకు తెలుసు. మీ పాత ఉత్తరాలు కావాలంటారు. మీ శాఖ పాత ఫైళ్లు జోంబాలోనే, మీ ఇంటికి పదిహేను నిమిషాల నడకలో ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిని కోర్టులో పెడితే ఆ తప్పు ఒక్కసారి జరిగింది కాదని, ఇరవై రెండేళ్లు జరిగిందని లోకమంతటికీ తెలుస్తుంది. మీరు దాచుకోవాలనుకుంటే దాచుకోవచ్చు. నేను మాత్రం ఏమీ అడగను. కేసు గెలవాలని ఉంది, మిమ్మల్ని చూసి ఎవరూ నవ్వకూడదనీ ఉంది. రెండూ సమానంగా ఉన్నాయి, ఏం చేయను?

అలినాఫే

*

జోంబా,
22 జూలై 2017

అలినాఫే తల్లీ,

ఆరు వారాలుగా ఆర్కైవ్స్‌కు పోతున్నాను. చలికాలపు చిపెరోని జల్లు పట్టింది, స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని కూర్చుంటున్నాను. మొదటి రోజు గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. ఆ మాట నీకు తెలియాలి.

పంపుల కంపెనీకి రాసినవి పదకొండు ఉత్తరాలు దొరికాయి. మొదటిది 1991, ఆఖరిది 2009. పదకొండింటిలోనూ అదే వాక్యం. పదింటిలో మేం ఏమీ ఇవ్వలేదు, వాళ్లు ఏమీ అనలేదు. మిగతా వాళ్లకు రాసినవి నూట అరవైకి పైగా తేలాయి. సిమెంటు వాళ్లకు, ట్రాక్టర్ల వాళ్లకు, ఒకసారి ఏనుగును కొనమని రాసిన సర్కస్ వాళ్లకు. అందరికీ చూసుకుంటామనే చెప్పాను. ఎవరికీ ఏమీ చూసుకోలేదు.

ఇంతకన్నా పెద్ద ముక్క ఒకటుంది. నేను ఏనాడూ పనిచేయని శాఖల ఫైళ్లలోనూ ఆ వాక్యం ఉంది. నా దగ్గర నేర్చుకుని బదిలీ అయిన గుమాస్తాలు వెంట తీసుకుపోయారు. ఆర్కైవ్స్ అమ్మాయి ఒకతె, ‘మక్వింజా గారూ, మీరు ఒక బడి పెట్టారండీ’ అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు.

అయినా ఆ నకళ్లు చూస్తూంటే ఒకటి అనిపించింది. నూట డెబ్బై చోట్ల ఆ రెండు మాటలు తప్ప వేలు పెట్టే చోటు లేదు. ప్రతి వాక్యం నిలబడి ఉంది. నేను మంచి గుమాస్తాను, అలినాఫే. నా తప్పు కూడా నిలకడగా చేశాను.

వాంగ్మూలం నేనే రాసుకున్నాను. మొదటి వాక్యం: నాకు ఇంగ్లీషు బాగా వచ్చు. రెండో వాక్యం: ఈ ఒక్క మాట మాత్రం ఇరవై రెండేళ్లు తప్పుగా వచ్చు. లాయరమ్మ మొదటిది తీసేద్దామా అని అడిగింది. అది తీసేస్తే రెండోదాన్ని ఎవరు నమ్ముతారని అడిగాను. దానికి ‘సరే, ఉంచండి’ అంది.

ఫెరేరా తన కంపెనీకి రాసుకున్న నివేదికలు బయట పెట్టించమని మన లాయర్లు కోర్టును అడిగారట. ఉన్నాయో చెదలు తిన్నాయో తెలియదు.

మామయ్య

*

లండన్,
18 అక్టోబరు 2017

మామయ్యకు,

ఊరి పేరు చూసి కంగారు పడకండి. సెలవు పెట్టి, నా ఖర్చుతో వచ్చాను. మీకు చెబితే వద్దంటారని చెప్పలేదు. నిన్న మీరు బ్లాంటైర్ కోర్టు గదిలో కూర్చుని తెర మీద కనిపిస్తున్నంతసేపూ నేను ఇక్కడ ప్రేక్షకుల బెంచీ మీద, వెనక వరసలో ఉన్నాను. ఆ బూడిద రంగు కోటు అత్తయ్య ఇస్త్రీ చేసిందని ఇక్కడికే తెలిసింది.

వాళ్ల లాయరు గంటసేపు మిమ్మల్ని తేదీల చుట్టూ తిప్పాడు. మీరు ప్రతి తేదీనీ ఫైలు నంబరుతో సహా చెప్పారు. అప్పటికే అతనికి విసుగొచ్చింది. ఆ మాటకు అర్థం ఇప్పుడైనా తెలుసా అని అడిగాడు. ‘తెలుసండీ, ఈ ఏడాది మార్చిలో తెలిసింది’ అన్నారు మీరు. గదిలో చాలామంది నవ్వారు.

తర్వాత అతను అన్న మాట నేను మర్చిపోను. ‘అంటే, ఇంగ్లీషు రాకుండానే ఇరవై రెండేళ్లు ఒక దేశం తరపున ఉత్తరాలు రాశారన్నమాట.’

మీరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. నేను బెంచీ అంచు పట్టుకున్నాను.

‘అయ్యా, ఆ కంపెనీకి ఇదే మాట పదకొండుసార్లు రాశాను. పదిసార్లు వాళ్లకు అర్థమైంది. పదకొండోసారే అర్థం మారిందని మీరంటున్నారు. మరి ఇంగ్లీషు ఎవరికి రాదో కోర్టువారు చూడాలి.’

మామయ్యా, ఈసారి ఎవరూ నవ్వలేదు. జడ్జి తల వంచి రాసుకున్నారు. చాలాసేపు రాసుకున్నారు.

మీ తెర ఆపేశాక మన బారిస్టరు లేచి ఒక కాగితం చదివింది. ఫెరేరాది. చెదలు తినలేదు, ఆగస్టులో దొరికింది. 2009 నవంబరు 20న తన హెడ్డాఫీసుకు రాశాడు: ‘మక్వింజా మళ్లీ చూసుకుంటామన్నాడు. అంటే ఇవ్వరు. దీని మీద ఇక ఆశ పెట్టుకోకండి.’ ఆ నివేదిక కట్టలో ప్రతి ఉత్తరం తర్వాతా అలాంటిదే ఒకటుంది. వాళ్ల లాయరు అభ్యంతరం చెప్పడానికి లేచి, తన కాగితాలు తిరగేసి కూర్చున్నాడు.

నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, ఆ సాక్షి మీకు తెలుసా అని గుసగుసగా అడిగాడు. ‘మా మేనమామ’ అన్నాను. అవసరానికి మించి గట్టిగా అన్నట్టున్నాను, బంట్రోతు నా వైపు తిరిగి చూశాడు. చూడనీ.

మన భాషలో ఇంటి తరపున నిలబడి మాట్లాడే మేనమామకూ, వకీలుకూ న్ఖోస్వే అని ఒకటే మాట ఎందుకు పెట్టారో నాకు ఇన్నాళ్లూ తెలియదు. నేనే వకీలునని అనుకుంటూ తిరిగాను.

తీర్పు ఎప్పుడో తెలియదు. ఏమైనా కానీ, నిన్నటి రోజు నాది.

అలినాఫే

*

జోంబా,
30 అక్టోబరు 2017

అలినాఫే,

నువ్వు ఆ గదిలో ఉన్నావని తెలిసి ఉంటే నాకు నోట మాట వచ్చేది కాదు. చెప్పకపోవడమే మంచిదైంది. కానీ ఇంకోసారి చెప్పకుండా అంత దూరం పోకు.

బల్ల కింద నా కాళ్లు ఆగకుండా వణికాయి. తెర మీద నడుము పైభాగమే కనబడిందట, దేవుడు మేలు చేశాడు. ఆ జవాబు ముందు అనుకున్నది కాదు. ‘దేశం తరపున’ అన్నాడు చూడు, అక్కడ నాకు మండింది. నన్నొక్కడినే అంటే పడేవాడినేమో.

ఇప్పుడు నిద్ర పట్టడం లేదు. ఓడిపోతే ఆ మందులు నా పేరు మీదే పోతాయి. గొప్పగా మాట్లాడాడు కానీ ఓడించాడు అంటారు. నిన్న ఆస్పత్రి ముందు నుంచి నడుస్తూ తల తిప్పుకున్నాను.

మామయ్య

*

అబిజాన్,
19 డిసెంబరు 2017

మామయ్యా,

గెలిచాం.

దావా కొట్టేశారు. కాలదోషం పట్టిందన్నారు. ఖర్చులు కూడా వాళ్లే కట్టాలి. తీర్పు నలభై నాలుగు పేజీలు, అమాయి న్యాంబాలోకు పంపాను, అచ్చు డబ్బులు నా దగ్గర తీసుకోమనండి. మీరు ఎలాగూ మొదటి పేజీ నుంచి చదువుతారు కానీ, ఇది మాత్రం ఇక్కడే రాయకుండా ఉండలేను. ఇరవై ఏడో పేజీ: ‘మిస్టర్ మక్వింజా ఈ కోర్టు ముందు తన తప్పును తానే నిరూపించడానికి వచ్చారు. ఆయన కంటే నమ్మదగిన సాక్షిని నేను చూడలేదు. ఆయన వాక్యం నిఘంటువులో ఏమైనా కావచ్చు. దాన్ని అందుకున్నవారికి దాని అర్థం ‘లేదు’ అనే.’

ఆఫీసులో ఈ ముక్క ఎవరో గట్టిగా చదివారు. సెనెగల్ ఆమె, మాలీ ఆయన, అందరూ లేచి నా బల్ల దగ్గరికి వచ్చారు. కేసు నాది కాదని చెబుతూనే ఉన్నాను, ఎవరూ వినలేదు. నాకు ఎంత గర్వంగా ఉందంటే, రాత్రి ఇంటికెళ్లి అమ్మ ఫోటోకు కూడా చదివి వినిపించాను.

వచ్చే ఏడాది మావాళ్లు అయిదు దేశాల గుమాస్తాలకు శిక్షణ పెడుతున్నారు. అవతలివాళ్లకు రాసే ఉత్తరంలో ఏ మాట ఏ ఉచ్చవుతుందో నేర్పాలని. పాఠం చెప్పడానికి మిమ్మల్ని పిలవమన్నారు. అడగమన్నది మా పెద్దాయన, నేను కాదు. ఏమంటారు?

అలినాఫే

*

జోంబా,
7 జనవరి 2018

అలినాఫే తల్లీ,

తీర్పు మూడుసార్లు చదివాను. నా పేరు ఇరవై రెండుచోట్ల వచ్చింది. అత్తయ్య లెక్కపెట్టింది, నేను కాదు.

ఊళ్లో సంగతి చెబితే నవ్వుతావు. అమాయి న్యాంబాలో ఇరవై ఏడో పేజీని ఇంకో అయిదారు కాపీలు తీసి పంచిపెట్టింది. ఇప్పుడు మార్కెట్లో చేపలమ్మే వాళ్ల దగ్గర బేరమాడితే, ‘చూసుకుంటాం లెండి, మక్వింజా గారూ’ అంటున్నారు. చర్చిలో పాస్టరు గారు కూడా అన్నారు. మొదట్లో చెవులు కాలాయి. ఇప్పుడు నేనే ముందుగా అంటున్నాను. జిల్లా ఆస్పత్రిలో మందులిచ్చే నర్సు మాత్రం ఆ మాట అనలేదు. కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి నా చెయ్యి పట్టుకుంది. నా వెనక పెద్ద వరస ఉంది, ఎవరూ గొణగలేదు. ఇంటికి వచ్చే దారంతా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

అబిజాన్‌కు వస్తాను. ఒక్క షరతు. మొదటి రోజు, మొదటి గంట, బోర్డు మీద పెట్టేది నా ఉత్తరం కావాలి. సంతకంతో సహా. వేరేవాళ్ల తప్పుతో మొదలుపెట్టే పంతులును పిల్లలు నమ్మరు.

ఇంకొకటి నీకే చెబుతున్నాను, మీ ఆఫీసులో అనకు. తీర్పులో ముప్పై ఒకటో పేజీ, కింది నుంచి నాలుగో వరసలో జడ్జి గారు ఏకవచనం రాయాల్సిన చోట బహువచనం రాశారు. కళ్లు మోసం చేస్తున్నాయేమోనని అత్తయ్య చేత కూడా చదివించాను. తప్పే. లండన్‌కు రాద్దామని కాగితం తీసి, తేదీ వేసి, ‘అయ్యా’ అని కూడా రాశాను.

తర్వాత ఆ కాగితం మీదే నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. పైన కొట్టేసిన ‘అయ్యా’ కనిపిస్తే ఏమిటా అనుకోకు. ఆయన ఏం చెప్పదలచుకున్నారో నాకు అర్థమైంది.

నీ మామయ్య,
వైసన్ మక్వింజా